వేడిమి రాకపోకలు: వస్తువుయొక్క పరిమాణమును, అది నిలిచియుండు తీరును

ఒకే మడిలో పండిన పసుపు ఒకే కాగులో, ఒకే మంటపై ఉడికినను, కొమ్ములు మెత్తబడి చితుకుచుండగా దుంపల నడిమిభాగము పచ్చిగానే నిలుచుట పసుపు రైతు లెల్లరును చూచినదే. తడి యాఱని గడ్డిమోపు నొకదానిని గట్టుపై విడిగా పడవేసినచో చల్లగానే యుండును. అట్టి మోపులనే కొన్ని వందలు చేర్చి వామి వేసినచో, కొలది దినములలో లోపల చేయి పెట్టరానంత వేడెక్కును. మొదటిచోట వేడి లోనికి పోజాలకున్నది. రెండవచోట వెలికి రాజాలకున్నది. కారణము మాత్రము రెంటికిని ఒక్కటియే. మఱియు, ఒకే విధమగు రేకులతో ఒకే కొలతలతో కట్టిన రెండు పశువుల కొట్టములలో నొకటి వేసవియందు భరింపదగినదిగను, రెండవది పొయ్యివలెను ఉండుట కలదు. ఆ కొట్టము ఏ దిక్కునకు నిలిచియున్నదో చూచినచో తఱుచుగా కారణ మచ్చటనే దొరకును. పంట చేతికి వచ్చిన పిమ్మట ఉడకబెట్టుటలో, ఆఱబెట్టుటలో, నిలువచేయుటలో కలుగు నష్టములు పెక్కు ఈ రెండు విషయములను గమనింపకపోవుటవలననే కలుగుచుండుటచేత, వీనిని గూర్చి సంఘసభ్యులకు కొంత వివరముగ వ్రాయదలచితిమి.

వేడి యే వస్తువులోనికి పోవలెనన్నను, వెలికి రావలెనన్నను దాని పైతలము గుండనే పోవలెను. వేఱు దారి లేదు. కాని యా వస్తువు తనలో నుంచుకొను వేడి పైతలమును బట్టి యుండదు. లోపలి పదార్థపు రాశిని బట్టి యుండును. అన్ని ప్రక్కలను ఒక అడుగు గల పెట్టె నొకదానిని తలచుకొందము. దానికి ఆఱు ముఖములు. పైతలము మొత్తము 6 చదరపుటడుగులు. లోపలి పరిమాణము 1 ఘనపుటడుగు. అన్ని ప్రక్కలను పది అడుగులు గల పెట్టెకు పైతలము 600 చదరపుటడుగులు. లోపలి పరిమాణము 1,000 ఘనపుటడుగులు. చిన్న పెట్టెలోని యొక్కొక్క ఘనపుటడుగునకు 6 చదరపుటడుగుల వాకిలి యుండగా, పెద్దదానిలోని ఘనపుటడుగునకు చదరపుటడుగులో పదింట ఆఱు వంతులు మాత్రమే వాకిలి లభించుచున్నది. పది యింతలు పెరిగిన వస్తువునకు వాకిలి పదవవంతునకు తగ్గినదన్న మాట. ఇటలీ దేశపు గెలీలియో 1638వ సంవత్సరమున ప్రకటించిన గ్రంథమున, పెద్ద జంతువులకు ఎముకలు అంతంత లావుగ నుండవలసిన కారణమును చెప్పుచు ఈ లెక్కనే వాడెను. ఎముకల విషయమున పనికివచ్చిన లెక్క గడ్డివామి విషయమునను పనికివచ్చుచున్నది.

దీనికి తోడు దూరపు లెక్క యొకటి కలదు. పైతలమునొద్ద చేరిన వేడి నడిమికి పోవుటకు పట్టు కాలము మందముతో సమానముగ పెరుగదు. మందము రెండింతలైన కాలము నాలుగింతలు, మూడింతలైన తొమ్మిదింత లగును. పరాసు దేశపు గణితవేత్త ఫూరియే 1822లో ప్రకటించిన గ్రంథమున ఇట్టి యుష్ణప్రసారమునకు గణితమార్గమును స్థాపించెను. ధాన్యపు రాశిలో ఈ లెక్క ఎట్లు నడచునో చూడుడు. రెండు ప్రక్కలను చల్లని గాలి తగులు ఒక అడుగు మందపు ధాన్యపు పొర తనలోని వేడిలో సగమునకు మించి విడుచుటకు ఇంచుమించు ఒక దినము పట్టును. పది అడుగుల మందము గల రాశికి పది దినములు చాలునని తోచును గాని చాలవు. నూఱు దినములు కావలెను. కోతలనాటి వేడితో గిడ్డంగిలో పోసిన ధాన్యపు నడిమిభాగము, ఎవరును కదలింపనిచో, సంక్రాంతి దాటినను ఆ వేడిని కొంత నిలుపుకొనియే యుండును.

ఈ లెక్క యెల్లచోట్ల నచ్చుగ్రుద్దినట్లు నడవదని కూడ చెప్పవలెను. మరుగు నీటిలోని వస్తువునకు నీరు అన్ని వైపుల నంటియుండి వేడిని ధారాళముగ నందించును గనుక అచ్చట నాలుగింతల లెక్క బాగుగ కుదురును. పలుచని వస్తువు గాలిలో ఆఱునప్పుడు ఆలస్యము లోపల నుండదు. పైని గాలి వేగమును బట్టి యుండును. అట్టిచోట రెండింతల మందమునకు కాల మించుమించు రెండింతలే. రైతు తన సరకు ఏ తరగతికి చెందినదో గుర్తెఱిగిన చాలును. లెక్క కాగితముపై వేయ నక్కఱలేదు.

ఇక పసుపు మాట. కొమ్ముకంటె దుంప రెండింతలు లావనుకొందము. కొమ్ము నడిమికి వేడి చేరుటకు ఐదు నిమిషములు పట్టినచో దుంప నడిమికి చేరుటకు ఇంచుమించు ఇరువది నిమిషములు పట్టును. రెంటిని కలిపి కాగులో వేసిన రైతు దుంప ఉడుకువఱకు మంట పెట్టినచో కొమ్ము అతిగా నుడికి వన్నె చెడును. కొమ్మును చూచి మంట తీసినచో దుంప పచ్చిపాకమున నిలిచి, ఎండిన పిమ్మట పెళుసై విఱుగును. వన్నె చెడినను, పెళుసైనను దుగ్గిరాలలోనైన నిజామాబాదులోనైన వర్తకుడు ధర తగ్గించుట కదే సాకు. కావున త్రవ్విన వెంటనే దుంపలను, కొమ్ములను వేఱు చేయుడు. వేర్వేఱుగనే ఉడకబెట్టుడు. మిక్కిలి లావగు దుంపలను నిలువున రెండుగ కోసినచో వేడి చేరవలసిన దూరము తగ్గిపోవును. అప్పుడు కట్టెల ఖర్చును తగ్గును. నురుగు పొంగి, తెల్లని యావిరితో పసుపు వాసన గుప్పుమన్నప్పుడు పాకము వచ్చినదని పెద్దలు చెప్పెడి గుర్తు సరియైనదే. సాధారణముగ ముప్పావుగంట మొదలు గంట వఱకు పట్టును. పుల్లతో పొడిచి చూచుటయు మంచిదే గాని, కాగులోని కొమ్మును పొడిచి దుంప సంగతి తీర్మానింపరాదు.

ఆఱబెట్టుటయందు మఱియొక మెలకువ యున్నది. ఉడికిన పసుపును రెండు మూడంగుళముల మందమున పఱచవలెనని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. పలుచగ పఱచిన నింకను త్వరగ నెండును గదా యని కొందఱు సభ్యులు మమ్ము అడిగిరి. ఎండుట నిజమే. కాని మఱీ పలుచని పొరలో ప్రతి కొమ్మును దినమంతయు ఎండను నేరుగ త్రాగి వన్నె కోలుపోవును. మందపు పొరలో కొమ్ములు ఒకదానికొకటి నీడయై, కలియబెట్టినప్పుడెల్ల వంతులవారీగ ఎండకు వచ్చును. పది పదునైదు దినము లోపికపట్టుట వలన వచ్చు లాభము ధరలో కనబడును.

గడ్డివాముల విషయమున మాత్రము మేము కొంత గట్టిగనే చెప్పవలసియున్నది. ఏలయన ఇచ్చట పోవునది వన్నె కాదు, సంవత్సరపు పశుగ్రాసమును, ఒక్కొక్కప్పుడు ప్రక్కనున్న యిల్లును. తడిగడ్డిలో కంటికి కనబడని సూక్ష్మజీవులు పెరుగుచు, ఊపిరి విడుచుచు, వేడిని పుట్టించును. ఈ వేడి గడ్డి యంతటను పుట్టును గనుక రాశిని బట్టి యెక్కువగును. వెలికి పోవుట మాత్రము పైతలము గుండనే. చిన్న మోపులో పుట్టినది పుట్టినట్లు గాలిలో కలిసిపోవుచున్నది. పెద్ద వామిలో పుట్టినదానిలో కొంతయే వెలికి పోయి తక్కినది లోన నిలిచి, వేడిమి ఇంచుమించు 70 సెంటీగ్రేడు డిగ్రీల వఱకు పెరుగును. ఆ వేడికి సూక్ష్మజీవులే చచ్చును. అంతటితో ఆగినచో బాగుండెడిదే. కాని అప్పటికి గడ్డిలోని పదార్థము గాలితో తనంతట తాను కలియుట మొదలిడును. ఆ రసాయనిక క్రియకు జీవములతో పని లేదు. వేడిమి ఇంకను పెరిగి, గడ్డి లోలోపల బొగ్గై, తుదకు అగ్గిపుల్ల గీయకయే మంట లేచును. ఇట్టి మంటలకు పగవారిని అనుమానించి పోలీసు ఠాణాకు పోయిన గ్రామములు లేకపోలేదు.

కోతలు కాగానే తుపాను వచ్చి గడ్డి తడిసినప్పుడు, ఆఱకమున్నే వామి వేయకుడు. తప్పనిసరియైనచో చిన్న వాములుగ విడదీసి వేయుడు. ఒక పెద్ద వామి చోట అదే ఆకారము గల యెనిమిది చిన్నవి వేసినచో పైతలము మొత్తము రెండింత లగును. వేసిన పిమ్మట మూడు నాలుగు వారములు కనిపెట్టియుండవలెను. తెల్లవాఱుజామున వామి నెత్తిపై ఆవిరి లేచుట, కమరు వాసన, పైభాగము ఒకచోట క్రుంగుట అనునవి చెడుగుర్తులు. పొడవైన యినుప ఊచను వామి నడిమి వఱకు గ్రుచ్చి, పావుగంట యుంచి వెలికి తీయుడు. కొన చేత పట్టుకొనరానంత వేడిగ నున్నచో వామి అపాయమున నున్నదని తెలియవలెను. అట్టి సమయమున తొందరపడి వామిని చీల్చరాదు. లోపల గాలి కొఱకు కాచుకొనియున్న నిప్పునకు మనము తలుపు తెఱచినట్లగును. పై కెక్కి త్రొక్కనురాదు. లోపల కాలి గుల్లయైన తావున మనిషి కూరుకొనిపోవును. పశువులను దూరముగ విప్పుకొనిపోయి, 101కి ఫోను చేసి, అగ్నిమాపక దళమువారి యెదుటనే నీరు సిద్ధముగ నుంచుకొని వామిని విప్పవలెను.

విత్తనపు ధాన్యమునకు మంట రానక్కఱలేదు. కళ్లమున సగమాఱిన వడ్లను రాత్రి కుప్పగ చేర్చి, వానభయమున బరకము కప్పి, రెండు మూడు దినము లట్లే యుంచినచో లోపలి వేడి కంటికి కనబడదు. చేతికిని పైపైన తెలియదు. మొలక శక్తి మాత్రము తగ్గిపోవును. విత్తనపు వడ్ల నాఱబెట్టునప్పుడు వేడిమి 43 డిగ్రీలు మించరాదు. తడి గింజకు అంతకు తక్కువ వేడియు చాల దినములు తగిలినచో చెఱుపే. వడ్లు బియ్యముగ దంచుకొనువారికి ఈ నష్టము అంతగా తెలియదు. నారుమడి పోసిన వానికి తెలియును, అప్పటికి అదను దాటిపోవును. బరకమును పగలు ఎండ రాగానే తీసి, కుప్పను పలుచగ నెఱపి, తేమ నూటికి 13 పాళ్లకు తగ్గిన పిమ్మటనే బస్తాల కెత్తవలెను. గిడ్డంగిలో బస్తాలను గోడ కానించి పేర్చుట మన యూళ్లలో చాలమందికి అలవాటు. గోడ కానిన ప్రక్క గాలి తగులదు గనుక ఆ ముఖము ఉన్నను లేనట్టిదే. గోడకును పేర్పునకును నడుమ మనిషి నడచునంత సందు విడిచి, అడుగున చెక్కబల్లలు వేసి, పెద్ద పేర్పు నొకదానికంటె నడుమ సందులు గల చిన్న పేర్పులు వేయుట మేలు.

వేడి నిలువవలెనని మనమే కోరు సందర్భమును గలదు. కంపోస్టు ఎరువు కుప్ప అన్ని ప్రక్కలను మూడడుగులకు తగ్గినచో పుట్టిన వేడి పుట్టినట్లు పోయి, కలుపు విత్తనములు చావక, ఎరువుతోకూడ పొలమునకు తిరిగివచ్చును. తగిన పరిమాణము గల కుప్ప 55 మొదలు 65 డిగ్రీల వఱకు వేడెక్కును. ఇందూరులో హోవర్డు దొర, వాద్ అను శాస్త్రజ్ఞుడు కలిసి 1931లో ప్రకటించిన పద్ధతి ఈ వేడి మీదనే ఆధారపడియున్నది. చెత్తను దినమునకొక గంపెడు చొప్పున ఇంటి చుట్టును నాలుగుచోట్ల వేయువారు దానిని ఒక్కచోట చేర్చినచో చాలును.

ప్రాణులకును ఇదే న్యాయము. గ్రుడ్డు వెడలిన కోడిపిల్ల దేహము చిన్నది, పైతలము పెద్దది, ఈకలు ఇంకను లేవు. అందుచే మొదటి వారము దానికి 35 డిగ్రీల దాపున వేడి యుండవలెను. తరువాత వారమునకు మూడేసి డిగ్రీలు తగ్గింపవచ్చును. చలిరాత్రి పిల్లలన్నియు ఒకదానిపై నొకటి మూగుట వేడిని కాపాడుకొనుటకే. అన్నియు కలిసి ఒక పెద్ద దేహమైనట్లగును. కాని అడుగుననున్నవి ఊపిరాడక చచ్చును. మూగినచో వేడి చాలలేదనియు, దీపమునకు దూరముగ తొలగినచో వేడి మించినదనియు పిల్లలే చెప్పుచున్నవి. గేదెకు చిక్కు తలక్రిందుగ నున్నది. పెద్ద దేహము, నల్లని తోలు, చెమట గ్రంథులు ఆవుకంటె తక్కువ; మడుగులో పడి గాని అది వేడిని వదల్చుకొనలేదు. ఒంగోలు జాతి పశువు కూడ పెద్దదే, కాని తెల్లని వెండ్రుకలు ఎండను త్రిప్పికొట్టును. వ్రేలాడు గంగడోలు పైతలమును పెంచును. మన సీమనుండి బ్రెజిలు దేశమునకు పోయిన యీ జాతి నెలోరను పేర, మన నెల్లూరి పేరనే, ఆ యుష్ణదేశమున లక్షోపలక్షలుగ వ్యాపించుటకు ఈ దేహనిర్మాణము ముఖ్యకారణములలో నొకటి.

పరిమాణమును గూర్చి యింతవఱకు చెప్పితిమి. ఒకే పరిమాణము గల వస్తువైనను ఎండకు, గాలికి, ఆకాశమునకు తన వెడల్పు ముఖమును చూపుచున్నదో, సన్నని యంచును చూపుచున్నదో, దానిని బట్టియు వేడి రాకపోకలు మాఱును. ఆస్ట్రేలియా ఖండపు ఉత్తరభాగమున ఒక జాతి చెదలు పలకవలె పలుచని పుట్టలను కట్టును. పుట్టలన్నియు తమ యంచులను ఉత్తర దక్షిణములకును, వెడల్పు ముఖములను తూర్పు పడమరలకును త్రిప్పియుండును. ప్రొద్దుటి చలిలో వెడల్పు ముఖమున ఎండ కాచుకొని, మిట్టమధ్యాహ్నము సూర్యునకు సన్నని యంచును మాత్రమే చూపును. చెదపురుగును రైతు మెచ్చుకొనవలసిన సందర్భ మిదియొక్కటియే కాబోలు.

మన కొట్టములకు ఎండ వచ్చు తీరు చూతము. విజయవాడ 16½ అక్షాంశ డిగ్రీల దాపున నున్నది. అచ్చట మే మాసపు మొదటి వారములో మధ్యాహ్నము సూర్యుడు సరిగ నడినెత్తిన నుండును; అప్పుడు గోడలపై ఎండయే పడదు, పైకప్పుపైననే పడును. గోడలను కాల్చునది ప్రొద్దుటి ఎండయు, అంతకంటె ముఖ్యముగ సాయంకాలపుటెండయు. నాలుగు గంటలు దాటి సూర్యుడు 30 డిగ్రీల ఎత్తునకు దిగినప్పుడు, చదునగు నేలపై ఒక చదరపుటడుగున పడు ఎండకంటె పడమటి గోడపై ఒక చదరపుటడుగున పడు ఎండ ఒకటిన్నర రెట్లకు మించియుండును. అదియును గాలి యంతయు వేడెక్కియున్న వేళ. కొట్టము పొడవు 60 అడుగులు, వెడల్పు 15 అడుగులు అనుకొందము. పొడవు ఉత్తర దక్షిణములుగ నున్నచో 60 అడుగుల ప్రక్క పడమటి ఎండకు గుఱియగును. తూర్పు పడమరలుగ నున్నచో 15 అడుగుల ప్రక్క మాత్రమే. ఖర్చు ఒక్కటే, రేకులు ఒక్కటే, బాధలో నాలుగవ వంతు. డిసెంబరులో మధ్యాహ్న సూర్యుడు దక్షిణమున 50 డిగ్రీల ఎత్తున నుండును గనుక తూర్పు పడమర కొట్టములోనికి దక్షిణపు ప్రక్కనుండి ఎండ కొంత చొచ్చును. చలికాలమున అది పశువులకు హితవే. కోళ్ల షెడ్లకును ఇదే దిక్కు మంచిది. వాని వెడల్పు 30 అడుగులు మించకుండుట యవసరము. మించినచో ప్రక్కగాలి నడిమి కోళ్లవఱకు పోజాలదు.

ఒక మినహాయింపు కలదు. గోడలు లేక, మట్టినేలపై నాలుగు గుంజలతో వేసిన నీడపందిరి క్రింద నేల ఎప్పుడును చిత్తడిగ నుండునచో, పందిరి పొడవును ఉత్తర దక్షిణములుగ నుంచుటయే మేలు. నీడ ప్రొద్దున పడమటికి, సాయంత్రము తూర్పునకు జరుగును గనుక పందిరి క్రింది నేలకు వంతులవారీగ ఎండ తగిలి ఆఱును. గిట్టలు కుళ్లుట, పొదుగువాపు మున్నగు బాధలు ఎక్కువగ నున్నచోట ఎండబాధకంటె తడిబాధను ముందు చూడవలెను. నీడ జరుగునప్పుడు పశువులును జరుగుటకు ప్రక్కన చోటుండవలెను; కట్టివేసిన పశువునకు ఈ పందిరి పనికిరాదు.

దిక్కు సరిచేసినను రేకులకప్పు బాధ పూర్తిగ తీరదు. దీనికి కారణము వేడి గాలి స్వభావము. వేడెక్కిన గాలి తేలికయై పైకి లేచును. పొయ్యిపైని కుండకు మంట అడుగున నున్నది గనుక అడుగు నీరు వేడెక్కి పైకి వచ్చి, పైనీరు క్రిందికి దిగి, కుండయంతయు తనంతట తానే కలియును. అదే మంటను కుండ మూతిపై పెట్టినచో పైనీరు మరిగినను అడుగు నీరు చల్లగనే యుండును. వేసవిలో చెఱువున దిగినవారికి మోకాళ్ల యొద్ద వెచ్చదనమును పాదముల యొద్ద చల్లదనమును తెలియునది ఇందువలననే. ఎండకు కాలిన రేకుయొక్క క్రిందిముఖము నేలవైపు చూచుచుండును. దానిని తాకి వేడెక్కిన గాలి క్రిందికి దిగజాలదు, పైకి పోవుటకు దారి లేదు; కప్పు క్రింద పొరగ నిలిచిపోవును. రేకు వేడి మాత్రము కిరణరూపమున నేరుగ పశువుల వీపుపై పడుచుండును. వెన్నుగోడ వెంబడి కప్పులో సందు విడిచి, దానిపై వాన రాకుండ చిన్న టోపీకప్పు వేసినచో నిలిచిన గాలి వెడలిపోవును. రేకు పైముఖమునకు వేసవి మొదట తెల్లసున్నము వేయుట, లేదా వరిగడ్డి పఱచుట కిరణముల బాధను తగ్గించును. గడ్డిని రేకు క్రింద కట్టుటకంటె పైన వేయుట మంచిదే గాని, నిప్పుభయమున్న వంటయింటి ప్రక్క కొట్టములకు సున్నమే క్షేమము. పొలములలో సౌరశక్తి పంపులు పెట్టించుకొన్న సభ్యులు ఫలకముల వెనుక గాలి యాడునట్లు ఖాళీ యున్నదా యని చూచుకొనవలెను. ఫలకము వేడెక్కిన కొలది విద్యుత్తు తగ్గును.

పగలు ఎండవైపు చూచిన ముఖము వేడెక్కినట్లే, రాత్రి ఆకాశమువైపు చూచిన ముఖము చల్లబడును. నిర్మలమగు రాత్రి ఆకాశము తన కిచ్చు వేడికంటె ఎక్కువ వేడిని నేల ఆకాశమునకు విడుచుచుండును. ఈ రహస్యమును మన దేశీయులు మంచు చేయుటకు వాడుకొనిరి. అలహాబాదు ప్రాంతమున నీటిని గడ్డకట్టించు విధానమును రాబర్టు బార్కరు అను ఇంగ్లీషు సేనాని 1775లో లండను రాయల్ సొసైటీ పత్రికయందు వర్ణించెను. ముప్పదియడుగుల చదరమున, రెండడుగుల లోతున గుంటలు త్రవ్వి, అడుగున చెఱకు చెత్తయో జొన్నదంట్ల వంటి యెండుదంట్లో ఒక అడుగు మందమున పఱచి, దానిపై ఒకటింబావు అంగుళము లోతు గల మట్టి మూకుళ్లను వరుసగ పెట్టి నీరు పోసెడివారు. మూకుడు లోతు తక్కువ గనుక లోని నీరు స్వల్పము, ఆకాశము చూచు ముఖము విశాలము. అడుగున దంట్లుండుటచే నేలవేడి పైకి రాదు. శీతకాలమున గాలి గడ్డకట్టునంత చల్లగ లేని రాత్రులందును తెల్లవాఱుసరికి మూకుళ్లలో మంచు నిలిచెడిది. అంత నీటిని ఒక్క లోతు కుండలో పోసినచో గడ్డకట్టెడిది కాదు. మంచుబిందువులు ఆకుల పైముఖమున పట్టుటకును ఈ చల్లదనమే కారణమని 1814లో వెల్సు అను వైద్యుడు నిరూపించెను.

కళ్లమున పఱచిన మిరపకాయలును, పసుపును ఆకాశమునకు వెడల్పు ముఖము చూపుచున్న మూకుళ్ల వంటివే. సాయంకాలము వానిని దగ్గఱకు కుప్ప చేసి, గోనెపట్టాయో బరకమో కప్పవలెను. అట్లు చేయనిచో రాత్రి చల్లబడి, మంచు పట్టి, పగలు పోయిన తేమలో కొంత తిరిగివచ్చును. మిరపకాయకు ఆ తేమయే బూజునకు మూలము. బూజు వలన అఫ్లటాక్సిను అను విషము చేరిన సరకును కొనువారు తిరస్కరింతురు. రాత్రి కుప్ప పగటి కుప్ప కారాదు. తెల్లవాఱి మంచు విడువగానే మఱల పఱచవలెను. లేనిచో పైని చెప్పిన వామిగతియే కొంత కొంతగ మొదలిడును.

పరిమాణమును, నిలిచియుండు తీరును రెంటిని ఒక్క కప్పు క్రింద చూడగోరువారు వర్జీనియా పొగాకు బ్యారను నొకదానిని చూడవచ్చును. ఆకును కఱ్ఱలకు కట్టి కొనలు నేలవైపు వ్రేలాడునట్లు అంతస్తులుగ వ్రేలగట్టుదురు. వేడిగొట్టములు అడుగున నుండును. గొట్టములచే వేడెక్కిన గాలి పైకి లేచునప్పుడు నిలువుగ వ్రేలాడు ఆకుల నడుమ దారి దొరకును. అదే ఆకును బల్లలపై అడ్డముగ పఱచినచో అడుగు పొర మాడి పైపొర పచ్చిగ నుండెడిది. మొదట 35 డిగ్రీల దాపున ఆకు పసుపు వన్నె తేలును. పిమ్మట క్రమముగ వేడి పెంచగా పలుచని ఆకుభాగ మెండును. అప్పటికిని లావుగ నున్న నడిమి యీనె పచ్చిగనే యుండును. దాని లోపలి తేమ వెలికి రావలసిన దూర మెక్కువ గనుక 70 డిగ్రీల పైచిలుకు వేడిని అది యెండువఱకు నిలుపవలెను. కట్టెలు మిగుల్చుకొందమని ఒక పూట ముందుగ మంట తీసినవారి బ్యారనులో ఈనె తేమ మఱల ఆకునకు ప్రాకి మచ్చలు తెచ్చును. పై అంతస్తునుండి ఒకటి, బ్యారను మూలనుండి ఒకటి ఆకు తీసి, ఈనెను మొదట విఱిచి చూడవలెను. రెండుచోట్లను ఫెళ్లున విఱిగిన పిమ్మటనే మంట తీయవచ్చును.